వెనక పోసే నీళ్ళు

"తాళంచెవి ఎక్కడ పెట్టారు అత్తయ్యా?"

రూబినా తల ఎత్తలేదు. పల్చటి లవాష్ రొట్టెలో జున్నుముక్క, నాలుగు తులసాకులు పెట్టి చుడుతోంది.

"ఏ తాళంచెవి?"

"నా కారుది. రాత్రి ఇక్కడే, పళ్ళగిన్నె పక్కన పెట్టాను."

"ఏమో మరి. ఈ ఇంట్లో మనుషులే లేచి వెళ్ళిపోతున్నారు. తాళంచెవికి మాత్రం కాళ్ళు రావా?"

నైరి నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది. ఆ విసురు తనకి కాదు. తగలాల్సినవాడు ఓక్లాండ్‌లో ఉన్నాడు. పెళ్ళిపూలు వాడకముందే, హైడ్రోజన్‌తో నడిచే సిటీబస్సులు బాగుచేసే షెడ్డులో ఆరునెలల పని దొరికిందని సంచి భుజాన వేసుకుని వెళ్ళిన నార్బే. ఆమెకి కొడుకు, తనకి మొగుడు.

మొగుడు. ఆ మాట లోపల అనుకున్నప్పుడల్లా నైరికి ఇంకా నవ్వొస్తూనే ఉంటుంది, కొత్త చెప్పులు వేసుకుని ఇంట్లోనే నాలుగుసార్లు తిరిగి చూసుకున్నట్టు. ఈ ఉదయం మాత్రం రాలేదు. అతను వదిలి వెళ్ళిన బూడిదరంగు స్వెట్టరు వేసుకుని, చేతులు అందులోకి ముడుచుకుని నిలబడింది.

బల్లకి అటువైపు మామగారు రజ్మిక్, పంటికింద చక్కెరబిళ్ళ పెట్టుకుని టీ చప్పరిస్తున్నాడు.

"ఇంకా ఎర్రగానే ఉందా?" అన్నాడు.

నైరి ఫోను చూసింది. కాలిఫోర్నియా పటం మీద హైడ్రోజన్ పంపులన్నీ చుక్కలు. పనిచేస్తున్నవి పచ్చగా, చెడిపోయినవి ఎర్రగా. పైన ఓక్లాండ్ చుట్టూ ఒక గుంపు, కింద లాస్ ఏంజిలిస్ చుట్టూ ఒక గుంపు. నడుమ అంత పొడుగు దారిలో ఒంటరిగా ఒక్క చుక్క. కోలింగా. నిన్న సాయంత్రం నుంచి అది ఎర్రగా ఉంది.

"ఎర్రగానే ఉంది మామయ్యా."

"నా వయసంతా ఇంజన్ల కింద పడుకునే గడిచింది. అందులో ఒక్కటి కూడా, ఫలానా ఊళ్ళో పోస్తేనే తాగుతానని మారాం చెయ్యలేదు."

"మీ అబ్బాయి చేసేవాడటగా. అమ్మ వండితే తప్ప తిననని."

"ఇప్పుడు డబ్బాలో బీన్సు తింటున్నాడు," అంది రూబినా చుట్టిన రొట్టెను పళ్ళెంలో విసురుగా పెడుతూ. "ఎలా ఉందిరా అంటే బావుందమ్మా అంటాడు. బావుందట! నా చేతి కూర తిన్నన్నాళ్ళూ ఒక్కపూట ఆ మాట అనలేదు."

రజ్మిక్ నవ్వు ఆపుకోలేక టీ పొలమారింది. రూబినా చూసిన చూపుకి ఆ దగ్గు కూడా సగంలో ఆగిపోయింది.

నైరి గోడగడియారం వైపు చూసింది. బర్‌బ్యాంక్ పంపు దగ్గర ఈపాటికే క్యూ మొదలై ఉంటుంది.

క్రిందటి ఆదివారం ఫోనులో మాట పెరిగింది. పని పర్మనెంటు చేస్తాం, సోమవారానికల్లా అవునో కాదో చెప్పమన్నారట షెడ్డువాళ్ళు. "నువ్వూ వచ్చెయ్," అన్నాడు నార్బే. "బళ్ళో నా పిల్లలు?" అంది నైరి. ఆమె గ్లెండేల్‌లోని అర్మేనియన్ బడిలో చిన్నపిల్లలకి చదువు చెబుతుంది. "పిల్లలు ఇక్కడా ఉంటారు." "మీ అమ్మ కూడా అక్కడ ఉంటుందా? మా నాన్న ఉంటాడా?" అలా అలా పెరిగి చివరికి, "నీకు ఊరు కావాలా, నేను కావాలా?" అన్నాడు. నైరి ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత మాటల్లేవు. గురువారం మాత్రం ఒక సందేశం వచ్చింది. శనివారం మధ్యాహ్నం కోలింగా పంపు దగ్గర ఉంటాను, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. షెడ్డులో ఎవరిదో హైడ్రోజన్ కారు అడిగి తీసుకుని అతను అటు నుంచి, తన కారులో ఆమె ఇటు నుంచి. ఇద్దరికీ సగం సగం దారి. అక్కడే ట్యాంకులు నింపుకుని ఎవరి ఊరికి వాళ్ళు తిరిగి వెళ్ళవచ్చు.

నైరి జవాబు రాసింది, చెరిపింది. మళ్ళీ రాసింది. అది పంపేలోపు చుక్క ఎర్రబడింది.

అతనూ చూసే ఉంటాడు. ఇక రాదులే అనుకుంటాడు. వస్తున్నానని చెబితే వద్దంటాడు, నడిదారిలో ఇరుక్కుపోతావంటాడు. అది నిజమే. కానీ ఈ వారమంతా వినకుండా వినకుండా, మొట్టమొదట అతని నోట వినే మాట 'వద్దు' అయితే తట్టుకోవడం ఆమె వల్ల కాదు. అందుకే చెప్పకుండానే బయల్దేరుతోంది, అన్నమాట ప్రకారం అతనూ వస్తాడేమోనన్న ఆశతో.

"ఒక్కమాట అడుగుతాను," అంది రూబినా ఉన్నట్టుండి. "ఆ బండిలో నిప్పు లేదు, చప్పుడు లేదు, పొగ లేదు. అసలు లోపల ఏముందే?"

"ముందునుంచి గాలి పీలుస్తుంది అత్తయ్యా. వెనక ట్యాంకులో హైడ్రోజన్ ఉంటుంది. మధ్యలో పల్చటి రేకులు దొంతరగా పేర్చిన పెట్టె ఒకటి. ఈ లవాష్ రొట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టారు చూడండి, అలాగ. ఆ హైడ్రోజనూ, గాలిలో ఉన్న ఆక్సిజనూ అక్కడ కలుస్తాయి. కలిసేటప్పుడు కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో చక్రాలు తిరుగుతాయి. చివరికి మిగిలేది నీళ్ళు."

"కలిస్తే చివరికి నీళ్ళేనా?" అన్నాడు రజ్మిక్. "మన చుట్టాలూ అంతే. నలుగురు కలిశారంటే ఎవరో ఒకరి కళ్ళలోంచి వస్తాయి."

"నువ్వు ఊరుకో."

"నేను చెప్పేది మంచిమాటే. ఆ నాజిల్ పెట్టే చోట మూత తీసి చూశాను. ఫలానా ఏడు దాటాక ఈ ట్యాంకు నింపకూడదని రాసుంది. చావుతేదీ అచ్చేసుకుని పుట్టిన కారు ప్రపంచంలో ఇదొక్కటే. అమ్మెయ్ తల్లీ. నా కారు తీసుకెళ్ళు ఇవాళ్టికి."

"మీ కారుకి గేర్లున్నాయి మామయ్యా. నాకు క్లచ్చు తొక్కడం రాదు."

"అయితే నేనే తీసుకెళ్తాను!"

రూబినా నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "కొత్తపెళ్ళికూతురు మొగుణ్ణి చూసుకోవడానికి వెళ్తుంటే నువ్వెక్కడ కూర్చుంటావయ్యా? ఇద్దరి మధ్యనా?"

"వెనకసీట్లో పడుకుంటాను. కళ్ళు మూసుకుంటాను."

"మూసుకుంటావు. నోరు మూసుకోవు."

నైరికి నవ్వు ఆగలేదు. వారంరోజుల్లో ఇదే మొదటి నవ్వు. రూబినా ఆమె నవ్వు చూసి తన నవ్వు దాచుకుని, గబుక్కున సింకు వైపు తిరిగిపోయింది.

"ఏదెలా ఉన్నా నువ్వు వెళ్ళడానికి వీల్లేదు," అంది అటు తిరిగే. "అక్కడ పంపు లేదు. వెళ్ళినదానివి తిరిగి రాలేవు."

"రాలేకపోతే కారుని ట్రక్కు మీద ఎక్కించుకుని వస్తాను."

"రావాలని ఉంటే కదా!"

రూబినా కుళాయి తిప్పింది.

"అదా నీ భయం?" అన్నాడు రజ్మిక్ మెల్లగా. "అమ్మాయి కూడా అక్కడే ఉండిపోతుందనా?"

రూబినా కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"వాడు వెళ్ళిననాడు నువ్వు అలిగి గదిలో తలుపేసుకున్నావు. బయటికి వచ్చి వెనక చెంబెడు నీళ్ళు పొయ్యలేదు. అందుకని వాడు ఇక రాడని నీకు..."

"రజ్మిక్!"

ఆ పిలుపుతో ఆయన ఆగిపోయాడు. కొత్తకోడలి ముందు ఇంత మాట బయటపడ్డందుకు ముగ్గురూ మూడు వైపులకి చూశారు. ప్రయాణమై వెళ్ళేవాళ్ళ వెనక నీళ్ళు పొయ్యకుండా పంపడం ఈ ఇంట్లో ఎవరూ ఎరగరు. నీళ్ళు పారినంత సుళువుగా వెళ్ళి, అంత సుళువుగానూ తిరిగి రావాలని. వీధిచివరి అంగడికి వెళ్ళే రజ్మిక్ వెనక కూడా ఒకోసారి పోసి, ఆయన చేత తిట్లు తింటుంది రూబినా.

నైరి వెళ్ళి ఆమె పక్కన నిలబడింది. గిన్నె తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"అత్తయ్యా, అతనికి ఏం చెప్పాలో నాకూ తెలీదు. సరేనంటానో, ఇంటికి వచ్చెయ్ అంటానో. మొహం చూస్తే తెలుస్తుందేమోనని వెళ్తున్నాను. అంతే."

"ఫోనులో మొహం కనిపించదా?"

"కనిపిస్తుంది. పట్టుకోవడానికి రాదు."

రూబినా ఆమె వైపు తిరిగింది. స్వెట్టరు చేతులు పొడవై ఆమె వేళ్ళని దాచేస్తున్నాయి. ఆ స్వెట్టరు అల్లింది తనే. వంగి రెండు చేతులూ మడిచి పైకి పెట్టింది. తర్వాత మూల ఉన్న బియ్యం డబ్బా మూత తీసి, మోచేతిదాకా లోపలికి దింపి, తాళంచెవి బయటికి లాగింది. దానికి అంటుకున్న బియ్యపు గింజలు నేలంతా రాలాయి.

"వాడికి రొట్టెలు చుట్టాను. ఆరు," అంది. "నువ్వు రెండు తిను. వాడి చేత నాలుగు తినిపించు. బావుందంటాడో లేదో నాకు చెప్పాలి."

వాకిట్లో కారు చప్పుడు లేకుండా వెనక్కి జరిగింది. రూబినా చెంబుతో గుమ్మంలోకి వచ్చింది. కారు వీధిలోకి తిరగగానే వెనక చక్రాల దగ్గర నీళ్ళు కుమ్మరించింది. ఆ నీళ్ళు పారుతుంటే చూసి, ఒక్కసారిగా చెయ్యి ఊపుతూ పరుగున వచ్చింది.

నైరి అద్దం దించింది.

"ఏమైందత్తయ్యా?"

"ఇది కూడా పోస్తోందే!"

కారు కింద సన్నటి గొట్టం నుంచి చుక్కచుక్కగా నీరు కారుతోంది.

"అది ఎక్కడికి వెళ్ళినా పోసుకుంటూనే వెళ్తుంది. చెప్పాగా, మిగిలేది నీళ్ళేనని."

రూబినా ఒక క్షణం ఆ తడిని చూసింది. తల అడ్డంగా ఊపింది.

"తనకి తనే పోసుకుంటే చెల్లదు. వెనక ఉన్నవాళ్ళు పొయ్యాలి." అంటూ కిటికీలోంచి ఒక మంచినీళ్ళ సీసా లోపల పెట్టింది. "దారిలో తాగు. నీ బాధలన్నీ నాకు రానీ తల్లీ. వెళ్ళు. వచ్చెయ్."

*

బర్‌బ్యాంక్ పంపు దగ్గర అప్పటికే అయిదారు కార్లున్నాయి. వరస పక్కన మడతకుర్చీ వేసుకుని ఓర్టెగా కూర్చుని ఉన్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. హైడ్రోజన్ కార్లవాళ్ళలో అందరూ అందరికీ తెలుసు. ఏ పంపు బతికుంది, ఏది పోయింది, ఎవరి కారు ఎక్కడ ఆగిపోయి ట్రక్కెక్కింది అని రోజంతా ఫోన్లలో ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు.

"ఏం పెళ్ళికూతురా, ఎక్కడికి?"

"కోలింగా."

ఓర్టెగా టోపీ వెనక్కి నెట్టుకున్నాడు. "అక్కడ పంపు పోయింది. చూడలేదా?"

"చూశాను."

"నిండుగా పోసుకుంటే చేరతావు. నడుమ ఆ కొండ ఎక్కాలి కదా, అదే సగం తాగేస్తుంది. అక్కడి నుంచి మహా అయితే ఇంకొంచెం. తిరిగి రావడానికి మాత్రం చాలదు."

"తెలుసు."

"పెళ్ళయిన కొత్తలో ఎవరికైనా వెళ్ళే దారే తెలుస్తుందిలే," అని నవ్వి, తన ముందు ఉన్న చోటు చూపించాడు. "రా, నా ముందు పెట్టు. నాకేం తొందర లేదు, ఇంట్లో మా ఆవిడ అటకలు సర్దమని కూర్చుంది."

ఒక్కో కారు నిండడానికి నాలుగైదు నిమిషాలే. కానీ ఒక కారుకి అంత ఒత్తిడితో ఎక్కించాక పంపు మళ్ళీ దమ్ము కూడగట్టుకోవాలి. ఆ మధ్యలో అందరూ కబుర్లు చెప్పుకుంటూ, కారు అద్దాలు తుడుచుకుంటూ నిలబడతారు. ఇంత పెద్ద ఊళ్ళో మనుషులు ఊరికే నిలబడి మాట్లాడుకునే చోటు ఇదొక్కటేనేమో అని నైరికి అనిపిస్తుంటుంది.

ఆమె వంతు వచ్చింది. నాజిల్ బిగించింది. లోపల ఈదురుగాలిలాంటి చప్పుడు. గొట్టం మీద తెల్లగా మంచు పేరుకుంది. అంకెలు ఎక్కి ఎక్కి ఆగాయి. నిండింది. నాజిల్ లాగింది.

రాలేదు.

మళ్ళీ లాగింది. కారుకి అతుక్కుని గడ్డకట్టుకుపోయింది.

"పట్టేసిందా?" అన్నాడు ఓర్టెగా. వెనక వరసలోంచి ఎవరో, "దాంతో కాస్త ప్రేమగా మాట్లాడమ్మా!" అని అరిచారు. అందరూ నవ్వారు.

నైరి మాత్రం నాజిల్ మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయింది. సరిగ్గా ఇక్కడే, ఇదే పంపు. రెండేళ్ళ క్రితం ఇలాగే అతుక్కుపోతే రెండు చేతులా పట్టుకుని గుంజుతోంది. వెనక కారులోంచి ఒకతను దిగి వచ్చి, "గుంజితే విరుగుతుంది. టీ తాగుతారా?" అన్నాడు. ఆమె వింతగా చూసింది. అతను ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చి, "దీనికి మనం చెయ్యగలిగింది ఏమీ లేదండీ. పక్కన కూర్చోవడమే. అదే వదులుతుంది," అన్నాడు. టీ అయిపోయేసరికి నాజిల్ దానంతట అదే ఊడి చేతిలోకి వచ్చింది. నైరికి అది కాస్త తొందరగా వచ్చేసిందనిపించింది.

అప్పుడు నార్బేకీ ఇలాంటి కారే ఉండేది, అద్దె గడువు అయ్యాక తిరిగి ఇచ్చేశాడు. అది ఉన్నన్నాళ్ళూ పనికి వెళ్తూ రోజూ నైరి వాళ్ళ వీధిలోంచే వెళ్ళేవాడు. ఈ కార్లలో ఒక మీట ఉంటుంది. నొక్కితే లోపల చేరిన నీళ్ళన్నీ ఒక్కసారిగా బయటికి వదిలేస్తుంది. వాళ్ళ గుమ్మం ఎదురుగా ఒక్క నిమిషం ఆగి, ఆ మీట నొక్కి వెళ్ళిపోయేవాడు. నెలల తరబడి చినుకు పడని ఊళ్ళో, ఎండిన వీధిలో, వాళ్ళ ఇంటి ముందు మాత్రం చాపంత తడి. నైరి కిటికీలోంచి అది చూసుకుని జడ అల్లుకునేది. పాపం నాన్న, భూమిలో గొట్టం పగిలిందని ప్లంబరుని కూడా పిలిపించాడు.

'పక్కన కూర్చోవడమే. అదే వదులుతుంది.' ఆ మాట చెప్పిన మనిషే మొన్న ఆదివారం, ఇప్పుడే చెప్పు, ఇప్పుడే చెప్పు అని గుంజాడు. తను మాత్రం? మంచుగడ్డలా బిగుసుకుపోయింది.

ఈసారి నాజిల్ వదలడానికి చాలాసేపు పట్టింది.

*

కొండ ఎక్కుతుంటే ఇంధనం ముల్లు కళ్ళముందే దిగింది. దిగుడులో కాస్త ఊపిరి పీల్చుకుంది. తర్వాత లోయ. ఎటు చూసినా చదును, బాదంతోటలు, దుమ్ము, గూడ్సు ట్రక్కులు. ఇంధనం మిగలాలని ఏసీ కట్టేసింది. స్వెట్టరు విప్పి పక్కసీట్లో పెట్టింది. రొట్టెల మూటకి దాన్ని చుట్టింది. పక్కన ఎవరో కూర్చున్నట్టే ఉంది.

ఏం చెప్పాలి? 'సరే, వచ్చేస్తాను' అని గట్టిగా పలికి చూసింది. బళ్ళో చిట్టివాళ్ళ మొహాలు కనిపించాయి. బియ్యం డబ్బాలో మోచేతిదాకా దిగిన చెయ్యి కనిపించింది. 'నువ్వే వచ్చెయ్' అని పలికి చూసింది. బస్సుల గురించి చెప్పేటప్పుడు అతని గొంతులో వచ్చే మెరుపు వినిపించింది. రెండు మాటలూ నిజంగానే ఉన్నాయి. రెండూ ఒకే నోట్లో పట్టడం లేదు.

మధ్యాహ్నం దాటిపోయింది. ఎండ నడినెత్తి నుంచి ఒక పక్కకి జరిగింది. ఉండు, ఇంకొంచెంసేపు అక్కడే ఉండు అని అతనితో అంటున్నట్టే అనుకుంటూ నడిపింది.

కోలింగా వాసన కోలింగా కన్నా ముందే వస్తుంది. మైళ్ళ తరబడి పశువుల దొడ్లు. ఇద్దరూ మొదటిసారి ఇటుగా వచ్చినప్పుడు నార్బే ముక్కు మూసుకుని, "మన హనీమూను ఇక్కడే," అన్నాడు. ఇప్పుడు ఆ వాసన తగలగానే నైరి గుండె దడదడ కొట్టుకుంది. అత్తరు తగిలినా అంత కొట్టుకోదు.

హైవే దిగింది. పెట్రోలు పంపులన్నీ కిటకిటలాడుతున్నాయి. ఒక మూల హైడ్రోజన్ పంపు, నాజిల్‌కి ప్లాస్టిక్ సంచి కట్టి, చుట్టూ పసుపుపచ్చ రిబ్బను కట్టి ఉంది.

అక్కడ ఎవరూ లేరు.

కారు ఆపి దిగింది. అటూ ఇటూ చూసింది. హోటలు గుమ్మం చూసింది, చెట్ల నీడ చూసింది. నాలుగు ట్రక్కులు, ఐస్‌క్రీం తింటున్న ఒక కుటుంబం. ఫోను తీసి ఇక ఆగలేక అతని పేరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది.

రాలేదు. చుక్క ఎర్రగా ఉంటే ఎవరు వస్తారు? బుద్ధి ఉన్నవాళ్ళెవరూ రారు.

రిబ్బను పక్కన కాళ్ళు ఈడ్చుకుంటూ పంపు అవతలికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది.

నేల మీద తడి.

చాపంత తడి. చుట్టూ సిమెంటు ఎండకి తెల్లబడి మాడిపోతోంది, నడుమ అది మాత్రం నల్లగా, నిగనిగలాడుతూ. అంచుల్లో ఆవిరైపోతోంది. ఇంత ఎండలో అది నిలిచి ఎంతోసేపు కాలేదు. నైరి మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి ఆనించింది. ఇంకా ఆరలేదు.

"ఇక్కడే ఉన్నావు," అంది పైకే. "ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నావు."

ఇక్కడ పంపు లేదని తెలిసీ వచ్చాడు. తిరుగుదారికి చాలదని తెలిసీ వచ్చాడు. వస్తున్నానని ఆమెకి చెప్పకుండా వచ్చాడు. చెబితే 'వద్దు' అంటుందని!

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మరి ఏడీ? ఓక్లాండ్‌కి తిరిగి వెళ్ళే దారి అతనికీ లేదు. లేచి నిలబడి చూసింది. ఆ తడి నుంచి చుక్కలు బయల్దేరాయి. ఒకటి, ఇంకొకటి, కొంచెం ఎడంగా మరొకటి. వాటి వెంట నడిచింది. చుక్కలు పెట్రోలు పంపులు దాటాయి, వంతెన కిందుగా సాగాయి, హైవే ఎక్కే మలుపు దగ్గర నిలిచాయి. పైన పచ్చటి బోర్డు. లాస్ ఏంజిలిస్.

అతను ఇంటికి బయల్దేరాడు. తను రాలేదని, తన దగ్గరికే బయల్దేరాడు. ఎదురొచ్చే కార్లలో తనదీ ఒకటని ఎరగకుండా, దారి నడుమ ఉన్న గడ్డిపట్టీకి అవతల పక్కనుంచి దాటిపోయి ఉంటాడు.

వెళ్తున్నాడు సరే, ఎంతదూరం? అతని ట్యాంకూ ఇంచుమించు తనదంతే. కొండ దాకా కూడా పోదు. ఈ ఎండలో, ఏ తోట పక్కనో ఆగిపోతాడు. ఏం చెప్పడానికి వెళ్తున్నాడు? వచ్చేస్తున్నాననా? రానేరాననా?

మళ్ళీ ఫోను చేసింది. బండి నడిపేటప్పుడు ఎత్తడు.

కారు దగ్గరికి పరుగెత్తింది. తలుపు తీసి, ఆగి, రూబినా ఇచ్చిన సీసా అందుకుంది. అందులో సగానికి పైగా నీళ్ళున్నాయి. మళ్ళీ మలుపు దగ్గరికి వచ్చింది. ఆ ఇంటి గుమ్మంలో ఆ రోజు ఎవరూ పొయ్యని నీళ్ళు. తనకి తనే పోసుకుంటే చెల్లదు, వెనక ఉన్నవాళ్ళు పొయ్యాలి. ఇప్పుడు ముందు వెళ్తున్నది అతను, వెనక ఉన్నది తను.

చివరి చుక్క పడిన చోట సీసా వంచింది. నీళ్ళు గలగలమని పారాయి. ఒక ట్రక్కు డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, ఈ అమ్మాయికి ఎండ తగిలిందేమో అన్నట్టు చూశాడు.

"మా ఆయన ప్రయాణం," అంది నైరి అతనితో. ఎందుకు చెప్పిందో తెలీదు. మా ఆయన అన్న మాట అంత గట్టిగా, ఒక కొత్తమనిషితో, ఆమె మొదటిసారి అనడం.

కారు ఎక్కింది. ముల్లు అడుగుకి దగ్గరగా ఉంది. ఒక్క నిమిషం దాని వంక చూసి, స్వెట్టరు చుట్టిన రొట్టెల మూటను ఒక చేత్తో పట్టుకుని, మలుపు ఎక్కింది. ఈ దక్షిణం దారిలో ఎక్కడో ఒకచోట, రోడ్డు వారగా, చాపంత తడి ఉంటుంది.

ఎండ దాన్ని తాగేసేలోపు చేరుకోవాలి.